పాత లారీ ఇంజనులో చమురు మార్గము – దానిని మార్చు విధము

ఎద్దుబండి దూరప్రయాణమునకు బయలుదేరుటకు ముందు బండివాడు ఇరుసునకు కందెన వేయుట మన పల్లెలలోని పెద్దలందరు ఎరిగినదే. ఆముదమును మసియు కలిపిన ఆ నల్లని ముద్దను చిన్న గొట్టములో నుంచి బండిక్రింద వ్రేలాడగట్టుకొని పోవువారు. కందెన తరిగినచో ఇరుసు కీచుమని మొరపెట్టును, ఎద్దులు అలసిపోవును, ఐనను బండి ఊరు చేరును. మోటారు లారీ సంగతి యట్లు గాదు. నిమిషమునకు మూడువేల మారులు తిరుగు ఇంజనులో ఒక్క బేరింగునకు చమురు అందకున్నచో కొలది నిమిషములలోనే లోహము కరగును, రాడ్డు విరుగును, ఒక్కొక్కప్పుడు ఇంజను ప్రక్కను పగులగొట్టుకొని బయటికి వచ్చును. నిండు బరువుతో ఘాటుదారి నెక్కుచున్న లారీకి ఇట్టి యాపద వచ్చినచో అందున్న వారి ప్రాణములకే ముప్పు.

కావున పూర్వకాలపు లారీ ఇంజనులలో చమురు ఏ మార్గమున నడచెడిదో, ఆ మార్గమునందలి లోపమేమో, దానిని చక్కబరచుటకు ఏమి చేయవచ్చునో ఈ పాఠమున విచారింతము.

1. చమురు భారము నెట్లు మోయును?

చమురు లోహమును జారునట్లు చేయునని మాత్రమే పలువురు తలంతురు. అది చేయు పని అంతకంటె గొప్పది. ఇంగ్లండు దేశమున బోషాం టవరు అను ఇంజనీరు 1883 వ సంవత్సరమున రైలుబండి ఇరుసు బేరింగులపై కొన్ని పరీక్షలు చేసెను. చమురులో మునిగి తిరుగుచున్న ఇరుసుపైనున్న ఇత్తడి బేరింగునకు నడినెత్తిన ఆయన ఒక రంధ్రము చేయించెను. అందుండి చమురు లోనికి పోవుటకు మారుగా బయటికి ఉబికి వచ్చెను. బెండుతో మూయగా బెండు ఎగిరిపోయెను. కొయ్యమేకుతో మూయగా అదియు మెల్లగా బయటికి నెట్టబడెను. తుదకు పీడనమాపకము నమర్చగా దానిముల్లు చదరపు అంగుళమునకు 200 పౌనుల గుర్తును సైతము దాటెను. ఆ బేరింగుపై నుంచిన భారము సగటున చదరపు అంగుళమునకు 100 పౌనులు మాత్రమే. ఏ పంపును లేకయే ఇరుసు తన తిరుగుడుచేతనే చమురును ఇరుకు సందులోనికి ఈడ్చుకొని, ఆ పలుచని పొరపై తాను తేలుచున్నదని తేటపడెను. ఆస్బర్ను రెనాల్డ్సు అను ఆచార్యుడు 1886 లో దీనికి గణితశాస్త్ర కారణమును చూపెను.

బాలురు దీనిని ఇంటియొద్ద కొంతవరకు పరీక్షింపవచ్చును. ఒక గాజుపలకపై కొబ్బరినూనె చుక్క వేసి, దానిపై మరియొక గాజుపలక నుంచి నిలువుగా నొక్కుడు. నూనె ప్రక్కలకు జరిగి పలకలు అంటుకొనును. తరువాత పైపలక ముందంచును రవంత ఎత్తి వేగముగా జరుపుడు. నూనె ఆ సందులో దూరి పలకను తేల్చును.

దీనినిబట్టి ఒక ముఖ్యసూత్రము తెలియుచున్నది. భారమును మోయునది పంపు పుట్టించు పీడనము కాదు; తిరుగుచున్న ఇరుసు తానే కల్పించుకొను చమురుపొర. పంపు చేయవలసిన పని ఆ పొరకు తరుగురాకుండ, ఎడతెగక చమురు నందించుటయే. ఈ సూత్రమును మరచినవారు పాత ఇంజనును బాగుచేయబోయి చెరుపుదురు.

2. చిమ్ముడు పద్ధతి

మొదటి మోటారులలో చమురు పంపులు అరుదు. ఫోర్డు కంపెనీవారు 1908 మొదలు 1927 వరకు కట్టిన టీ మోడలు బండిలోను, అదే ఇంజనుతో 1917 లో వెలువడిన టీటీ లారీలోను పంపు లేనేలేదు. ఇంజను వెనుకనున్న పెద్ద చక్రము చమురులో మునిగి తిరుగుచు దానిని పైకి ఎగజిమ్మును. ఆ తుంపరలలో కొంత ఒక గరాటులో పడి, సన్నని గొట్టముగుండ ఇంజను ముందుభాగమునకు పారును. అచ్చటనుండి వెనుకకు వచ్చుచు రాడ్లక్రింది గుంటలను నింపును. రాడ్లు ఆ గుంటలలో మునిగి లేచుచు తమ బేరింగులను తడుపుకొనును.

సమభూమిపై ఈ యేర్పాటు చక్కగానే సాగెను. నిటారైన ఎత్తు నెక్కునప్పుడు మాత్రము చమురు వెనుకకు జారి, మొదటి సిలిండరు రాడ్డునకు చాలినంత అందదను భయముండెను. వేగమును మార్చు పట్టీలనుండి ఊడిన నూలుపోగులు గరాటులో చిక్కుకొని గొట్టము పూడుకొనుటయు గలదు. అందుచే లారీల యజమానులు ఇంజను వెలుపల మరియొక గొట్టము నమర్చి, పెద్దచక్రము జిమ్మిన చమురును నేరుగా ముందుభాగమునకు చేరునట్లు చేసికొనిరి. చమురు మార్గమును మార్చుటలో మిక్కిలి ప్రసిద్ధమైన మొదటి మార్పులలో ఇది యొకటి. తక్కువ ఖర్చుతో, ఇంజనులో ఏ భాగమును చెరుపక, లోపమెచ్చటనున్నదో అచ్చటనే దీనిని సరిచేయుట గమనింపదగినది.

3. షెవ్రొలే ఆరు సిలిండర్ల ఇంజను

ఇక మన పాఠమునకు ముఖ్యమైన ఇంజనును చూతము. షెవ్రొలే కంపెనీవారు 1937 లో 216 ఘనపుటంగుళముల ఆరు సిలిండర్ల ఇంజనును వెలువరించిరి. దాని సిలిండరు వ్యాసము 3½ అంగుళములు, పిస్టను నడక 3¾ అంగుళములు. 1953 వరకు వారి చిన్న లారీలలో ఇదియే పనిచేసెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున కెనడాలో తయారైన షెవ్రొలే సైనికపు లారీలలోను ఇట్టి ఇంజనే యుండెను. జనరల్ మోటార్సు కంపెనీవారు 1928 మొదలు 1954 వరకు బొంబాయిలో బండ్లను కూర్చుచుండుటచే మన దేశమునకును ఈ కంపెనీ బండ్లతో పరిచయము గలదు.

ఈ ఇంజనులో పండ్లచక్రములతో నడచు పంపు గలదు. అది క్రాంకుషాఫ్టును మోయు నాలుగు ప్రధానమైన బేరింగులకు పీడనముతో చమురు పంపును. ఆ పీడనము చదరపు అంగుళమునకు సుమారు 14 పౌనులు. కాని ఆరు కనెక్టింగ్ రాడ్ల బేరింగులకు ఈ పీడనము చేరదు. వాటికి వేరు మార్గము గలదు. ప్రతి రాడ్డు అడుగున గరిటెవంటి చిన్న మూతి యుండును. దాని క్రింద చమురు నిండిన దోనె యుండును. ఇంజను మెల్లగా తిరుగునప్పుడు గరిటె దోనెలో మునిగి చమురును ముంచుకొనును. వేగము హెచ్చినప్పుడు తొట్టిలోని చిమ్ముగొట్టములనుండి వచ్చు చమురుధార నేరుగా గరిటె మూతికి తగిలి లోనికి పోవును.

రాడ్డు బేరింగు లోపలి పూత బాబిట్టు లోహము. ఐజాకు బాబిట్టు అను అమెరికా దేశస్థుడు 1839 లో ఇట్టి బేరింగులకు పేటెంటు పొందెను. దీనిలో ముఖ్యముగా తగరమును, దానితో అంటిమనియు రాగియు కలియును. మెత్తనిది గనుక సన్నని యిసుకరేణువును తనలో నిముడ్చుకొని షాఫ్టును గీతలు పడకుండ కాపాడును. కాని సుమారు 240 సెంటిగ్రేడు డిగ్రీల వేడికే కరగనారంభించును. చమురుపొర తెగినచో ఆ వేడి పుట్టుటకు ఎంతో సేపు పట్టదు.

ఇచ్చట డ్రైవరు తెలిసికొనవలసిన సంగతి యొకటి గలదు. అతని యెదుటనున్న చమురు పీడనమాపకము ప్రధానమైన బేరింగుల మార్గమును గూర్చి మాత్రమే చెప్పును. ఒక చిమ్ముగొట్టము మడ్డితో పూడిపోయినను, ఒక గరిటె వంగినను మాపకపు ముల్లు తన చోటనే నిలిచియుండును. ముల్లు ‘క్షేమము’ అనుచుండగనే క్రింద రాడ్డు బేరింగు ఎండిపోవచ్చును. టకటక శబ్దము వినబడుసరికే లోహము కొంత కరగియుండును.

4. వేగము హెచ్చినచో భారమెంత?

పిస్టను నడక 3¾ అంగుళములు గనుక క్రాంకు భుజము పొడవు 1⅞ అంగుళములు. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునప్పుడు క్రాంకు చివరి వేగము సెకనునకు సుమారు 49 అడుగులు. ఈ వృత్తములో తిరుగు వస్తువునకు కలుగు త్వరణము భూమ్యాకర్షణమునకు సుమారు 480 రెట్లగును. అనగా అచ్చట నున్న ఒక పౌను బరువు 480 పౌనుల బలముతో వెలికి లాగును. చుట్లు సగమై 1,500 అయినచో ఈ బలము 120 పౌనులే. వేగము రెండింతలైన భారము నాలుగింతలగునను నియమము ఇదియే.

చిమ్ముడు పద్ధతిలో కష్టమంతయు ఇచ్చటనే యున్నది. భారము వేగవర్గము ననుసరించి పెరుగుచుండగా గరిటెకు చిక్కు చమురు ఆ లెక్కన పెరుగదు. పైగా 3,000 చుట్లలో గరిటె దోనెమీదుగా సెకనునకు 50 మారులు దూసికొనిపోవును. ఈ ఇంజనును కల్పించిన కాలమున రోడ్లపై లారీలు నెమ్మదిగా నడచెడివి. అప్పటికి అది చాలెను. మంచి రోడ్లపై గంటలకొలది వేగముగా పరుగెత్తవలసి వచ్చినప్పుడు లోపము బయల్పడెను. ఘాటుదారి దిగునప్పుడు తక్కువ గేరులో చక్రములే ఇంజనును ఈడ్చుచు త్రిప్పుటచే అప్పుడును వేగము మితిమీరవచ్చును. దిగుడు గదా యని యేమరియుండరాదు.

5. మార్పునకు ముందు

రోగమెరుగక మందు వేయరాదు. ఇంజనును మార్చదలచినవాడు మొదట దానిని పుట్టినప్పటి స్థితికి తేవలెను. తొట్టి విప్పి అడుగున పేరిన మడ్డిని పూర్తిగా కడుగవలెను. చిమ్ముగొట్టములు తెరపియై యున్నవో లేవో, వాటి ధార గరిటెకు సూటిగా తగులునో లేదో చూడవలెను. గరిటెల యెత్తును, దోనెల లోతును కొలబద్దతో సరిచూడవలెను. రాడ్డు బేరింగు అరిగి సందు హెచ్చినచో, రాడ్డు మూతక్రింద నుంచిన పలుచని రేకుపొరలను ఒక్కొక్కటిగా తీసి సందును సరిచేయవలెను. సందు హెచ్చిన బేరింగు చమురును నిలుపజాలదు. సందు చాలని బేరింగులోనికి చమురు పోజాలదు.

నేటి చమురులలో మడ్డిని కరగించు మందులు కలిసియుండును. ఏండ్లతరబడి మడ్డి పేరుకొనిన ఇంజనును కడుగక అట్టి చమురు పోసినచో ఊడిన పెళ్లలు సన్నని గొట్టములకు అడ్డుపడవచ్చును. కావున ముందు కడుగుట, తరువాత క్రొత్త చమురు పోయుట అను క్రమమును తప్పరాదు.

కొందరు పంపులోని పీడనపు కవాటమునకు గట్టి స్ప్రింగు వేసి, మాపకపు ముల్లు పైకి లేచుట చూచి సంతసింతురు. టవరు పరీక్షను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 14 పౌనులకు మారుగా 25 పౌనులైనంతమాత్రమున పూడిన చిమ్ముగొట్టము తెరచుకొనదు, వంగిన గరిటె నిటారు కాదు. ముల్లు మారును గాని మార్గము మారదు.

6. వడపోత నమర్చుట

చేయదగిన మార్పులలో సులభమైనది చమురు వడపోత. ఈ ఇంజనులకు వడపోత అదనపు సామగ్రిగా అమ్మబడెడిది. దీనిని ప్రక్కదారి పద్ధతిలో అమర్చవలెను. పీడనముగల మార్గమునుండి ఒక సన్నని గొట్టము తీసి, చమురులో కొద్దిభాగమును వడపోతగుండ పంపి, మరల తొట్టిలోనికి చేర్చుటయే ఈ పద్ధతి. ఒక్కమారుగా చమురంతయు శుద్ధికాదు గాని తిరిగి తిరిగి వచ్చుచు క్రమముగా అంతయు వడియును.

చమురునంతటిని వడపోతగుండనే బేరింగులకు పంపరాదా యని అడుగవచ్చును. ఈ ఇంజను పంపు చిన్నది, పీడనము తక్కువ. వడపోత పూడినచో బేరింగులకు చమురే అందదు. ప్రక్కదారిలోని వడపోత పూడినను బేరింగుల దారికి అడ్డు లేదు.

ఈ పనిలో రెండు జాగ్రత్తలు గలవు. మొదటిది: ప్రక్కదారి మొదట సూదిబెజ్జమువంటి ఇరుకు రంధ్రము తప్పక యుండవలెను. అది వెడల్పైనచో చమురంతయు సులభమైన ఆ దారినే పట్టి పోవును. బేరింగుల పీడనము పడిపోవును. రెండవది: వడపోతను బండిదేహమునకు బిగించినచో, అదరుచుండు ఇంజనునకును దానికిని నడుమ వంగు గొట్టమునే వాడవలెను. గట్టి గొట్టము విరిగినచో పంపు తానే చమురును రోడ్డుపాలు చేయును.

7. పూర్ణ పీడన పద్ధతి

చిమ్ముడు పద్ధతి లోపమును మూలముననే తీయవలెనన్నచో రాడ్డు బేరింగులకును పీడనముతో చమురు పంపవలెను. షెవ్రొలే కంపెనీవారే 1953 లో కొన్ని కార్లలోని 235 ఘనపుటంగుళముల ఇంజనులందును, 1954 మొదలు లారీలందును ఈ పద్ధతికి మారిరి. పాత ఇంజనునకు ఇది చేయుటలో ఈ క్రింది పనులన్నియు ఇమిడియున్నవి.

(అ) క్రాంకుషాఫ్టులో ప్రధానమైన బేరింగు చోటునుండి రాడ్డు బేరింగు చోటునకు ఏటవాలుగా రంధ్రములు తొలువవలెను. బేరింగులు నాలుగు, రాడ్లు ఆరు. కావున మొదటి బేరింగు 1 వ రాడ్డునకును, రెండవది 2, 3 రాడ్లకును, మూడవది 4, 5 రాడ్లకును, నాల్గవది 6 వ రాడ్డునకును చమురు నీయవలెను.

(ఆ) ప్రతి రంధ్రపు అంచును నునుపుగా గుండ్రముగా చేయవలెను. పదునైన అంచు బేరింగును గీరును. అంతేగాక పదేపదే కలుగు ఒత్తిడికి అచ్చటనే షాఫ్టు బీటవారును.

(ఇ) ప్రధానమైన బేరింగులలో చుట్టును గాడి యుండవలెను. అప్పుడే తిరుగుచున్న షాఫ్టు రంధ్రమునకు ఎడతెగక చమురు అందును.

(ఈ) రాడ్లకు గరిటెలను తీసి, గరిటె చమురు పోవు రంధ్రమును మూయవలెను. మూయనిచో లోనికి వచ్చిన చమురు ఆ రంధ్రముననే కారిపోవును. బాబిట్టు పోతకు మారుగా ఉక్కు వెన్నుగల విడి బేరింగులను అమర్చుట మేలు.

(ఉ) దోనెలను చిమ్ముగొట్టములను తీసి, వాటి గొట్టపుమార్గమును మూయవలెను. ఇప్పుడు పంపు నాలుగు చోట్లకు గాక పదిచోట్లకు పీడనముతో చమురు నందింపవలెను గనుక పెద్ద పంపు వేయవలెను.

వీనిలో ఏ యొక్కటి విడిచినను తక్కినవి వ్యర్థములగును. పనిముట్లును అనుభవమును గల పెద్ద కర్మాగారమున తప్ప షాఫ్టును తొలుచుటకు పూనుకొనరాదు. అంతయు సక్రమముగా జరిగినచో కలుగు లాభములు రెండు. రాడ్లకు వేగమెంతైనను చమురు అందును. అంతకంటె ముఖ్యముగా డ్రైవరు ఎదుటి మాపకము అప్పటినుండి రాడ్ల మార్గమును గూర్చి కూడ సాక్ష్యమిచ్చును.

8. ఏది మేలు?

షాఫ్టు తొలిపించుటకగు శ్రమయు వ్యయమును చూచి, పలువురు ఆ ఇంజనును దింపి 1954 తరువాతి 235 ఇంజనును ఎక్కింతురు. నీటిపంపు స్థానము మొదలగు కొన్ని సవరణలు చేసినచో అది పాత లారీలో ఇముడును. నిత్యము బరువులు మోయవలసిన లారీకి ఇది తగిన మార్గము. కాని నేడు అట్టి లారీలు చాలవరకు పాతబండ్లను భద్రపరచువారి యొద్దనే యున్నవి. పూర్వుల పనితనమునకు గుర్తుగా నుంచుకొనిన బండిలో వారి గరిటెలను, దోనెలను తీసివేసిన పిమ్మట చూపుటకు మిగులునదేమి? అట్టి బండికి శుద్ధియు, సరియైన కొలతలును, వడపోతయు చాలును. మార్చక తప్పనిచో తీసిన భాగములను పారవేయక, ఏది యెచ్చటిదో చీటి కట్టి దాచవలెను.

మరియొక మార్పు గలదు. దానికి పనిముట్లు అక్కరలేదు. 3,000 చుట్లతో నడుపువాడు 2,500 చుట్లతో నడిపినచో వేగము ఆరవవంతే తగ్గును గాని, వర్గనియమముచే రాడ్డుపై భారము నూటికి సుమారు 30 పాళ్లు తగ్గును. ప్రయాణమున పోవు కొలది నిమిషములకు ఇంజను ఆయువు ప్రతిఫలము.

సువార్తలోని పదిమంది కన్యకల ఉపమానమును మనమందర మెరుగుదుము. బుద్ధిలేని వారియొద్ద దివిటీలుండెను గాని నూనె లేకపోయెను. ఈ ఇంజనులో నూనెయు గలదు, పంపును గలదు. ఐనను అన్నిటికంటె ఎక్కువ భారము మోయు చోటునకు అది చేరుచున్నదా లేదా యని విచారించువాడు లేనిచో యంత్రము చెడును. మాపకము చూపిన దానితో తృప్తిపడక, అది చూపలేని చోటును వెదకి చూచుట ఇంజనీరునకే గాదు, ఉపాధ్యాయునకును, తల్లిదండ్రులకును, విద్యార్థికిని తగిన గుణము.

అభ్యాసము

1. మాపకములో పీడనము సరిగానున్నను రాడ్డు బేరింగు ఏల చెడవచ్చును?
2. ప్రక్కదారి వడపోతకు ఇరుకు రంధ్రమేల?
3. పిస్టను నడక 3¾ అంగుళములు, చుట్లు నిమిషమునకు 3,000 అయినచో పిస్టను నిమిషమునకు ఎన్ని అడుగులు నడచును? (జవాబు: 1,875)
4. నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునప్పుడు క్రాంకు చివరి త్వరణము భూమ్యాకర్షణమునకు ఎన్ని రెట్లు? (జవాబు: సుమారు 213)